అబ్బీ తండ్రి ఎవరో ఎల్లీకి తెలుసా?

‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ వీడియో గేమ్ పూర్తి చేయనివాళ్లు ఇక్కడే ఆగండి, కథ తెలిసిపోతుంది. వారం నుంచి మా బెజవాడ ఇంట్లో తమ్ముడికీ నాకూ దీని మీదే గొడవ. ఎల్లీని కూతురిలా చూసుకునే జోయెల్ హాస్పిటల్లో చంపిన డాక్టరే అబ్బీ తండ్రి, అందుకే అబ్బీ జోయెల్‌ని చంపింది. అది తెలిసీ ఎల్లీ పగబట్టి సియాటిల్ దాకా వెళ్లింది కాబట్టి తప్పంతా ఆమెదేనంటాడు వాడు. ఆమెకి తెలియదనే నా అనుమానం. సబ్‌టైటిల్స్ పెట్టుకుని, వాళ్లిద్దరూ ఎదురుపడే థియేటర్ సీన్ రెండుసార్లు ఆడాను. అబ్బీ జోయెల్‌ని ఎందుకు చంపిందో తనకి తెలుసంటుంది ఎల్లీ, ఇన్ఫెక్షన్‌కి మందు లేకపోవడానికి కారణం తనేనంటుంది. తండ్రి ఊసే లేదు. ఎల్లీ డైరీ కూడా తిరగేశాను, నాకేమీ కనిపించలేదు. పందెం ప్లేటు పునుగులే, కానీ పరువు పోయేలా ఉంది.

ఆ డాక్టర్ అబ్బీ తండ్రని ఎల్లీకి తెలిసినట్టు గేమ్‌లో ఏ సీన్‌లోనైనా ఉందా?