ఇంజను ఒకటే, పేర్లు వేరు: పికప్ కొనేటప్పుడు బ్రాండ్‌కు డబ్బు పెట్టాలా?

కావలి_గుంటల_రైతు

రొయ్యల గుంటలకు మేత బస్తాలు తోలడానికి, పట్టుబడి రోజు ఐసు, సరుకు చేరవేయడానికి ఒక డీజిల్ పికప్ తీసుకోవాలి. మా బావ ఒకే మాట మీద ఉన్నాడు: “ఇంజన్లు ఒకరు చేస్తారు, పేర్లు పదిమంది పెట్టుకుంటారు. తక్కువకు వచ్చేది తీసుకో.” టాటా హారియర్, ఎంజీ హెక్టర్, జీప్ కంపాస్ మూడింట్లోనూ వచ్చింది ఫియట్ 2.0 లీటర్ల మల్టీజెట్ డీజిలే అంటాడు. బయటి దేశాల పికప్‌లదీ ఇదే కథట. మాజ్దా బీటీ-50కి ముందు ఫోర్డ్ ఇంజను ఉండేది, 2020 నుంచి ఇసుజు ఇంజను. 2022లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ అమరాక్‌లో ఫోర్డ్ డీజిల్. అలాంటప్పుడు పేరు చూసి ఎక్కువ కట్టడం దండగేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఆటోనగర్_మేస్త్రీ

మీ బావ మాట కొట్టిపారేసేది కాదు. నెల్లూరు ఆటోనగర్‌లో డీజిల్ పనే నా బతుకు. ఫియట్ 1.3 మల్టీజెట్, 1248 సీసీ, మారుతీలో డీడీఐఎస్ అన్నారు, టాటాలో క్వాడ్రాజెట్ అన్నారు. స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టా, పుంటో, ఏది షెడ్డుకు వచ్చినా లోపల మాకు కొత్తేమీ ఉండేది కాదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చేసరికి మారుతీ డీజిలే మానేసింది. అయినా ఆ బండ్లు ఇంకా తిరుగుతున్నాయంటే, అన్ని కంపెనీలు కలిసి అన్ని బండ్లు రోడ్డు మీదికి వదిలాయి కాబట్టే. అమ్ముడుపోయే సామాను కాబట్టి షాపువాడు తెచ్చి పెట్టుకుంటాడు.

ఇది కొత్త పద్ధతి కూడా కాదు. మహీంద్రా జీపుల్లో ప్యుజో లైసెన్సు డీజిల్, టెంపో ట్రాక్స్‌లో మెర్సిడెస్ ఓఎం616. మా గురువులు చెయ్యి తిప్పుకున్నది వాటి మీదే. ఒక కంపెనీ ఒంటరిగా చేసి, తక్కువ అమ్మి, ఆపేసిన ఇంజనుకు సామాను వెతకడం ఎంత నరకమో బండి షెడ్డులో పడుకున్నాక తెలుస్తుంది.

ఒంగోలు_ట్రాన్స్‌పోర్ట్

మేస్త్రీ గారూ, సామాను విషయంలో మీతో వాదన లేదు. “ఇంజను ఒకటి కాబట్టి బండి ఒకటి” అనే దగ్గరే నేను ఒప్పుకోను. మీరు చెప్పిన 1.3 మల్టీజెట్టే తీసుకోండి. స్విఫ్ట్‌లో 75 హార్స్‌పవర్, ఎర్టిగాలో 90. టర్బోనే వేరు. హారియర్ 2019లో 140తో వచ్చింది, అదే ఏడాది అదే ఇంజనుతో హెక్టర్ 170తో వచ్చింది.

చీమకుర్తి నుంచి గ్రానైట్ తోలిన పాత డ్రైవర్లు “కమ్మిన్స్ బండి” అనేవారు, గుర్తుందా? టాటా లారీల్లోని ఆ 5.9 లీటర్ల బీ సిరీస్ జంషెడ్‌పూర్ టాటా కమ్మిన్స్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేది. ఆ కుటుంబం ఇంజన్నే అమెరికాలో డాడ్జ్ 1989 మోడల్ నుంచి తన రామ్ పికప్‌లో పెట్టింది. ఒకటి రాళ్లు మోసింది, ఇంకొకటి ఇంటి ముందు నిలబడే పికప్. గేరుబాక్సు, యాక్సిల్, రేడియేటర్, ఇంధనం సెట్టింగ్ ఏవీ ఒకటి కావు. మన్నిక తేల్చేది అవే.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. అమెరికాలో ఫోర్డ్ పెద్ద పికప్‌లకు 6.0 లీటర్ల డీజిల్ నావిస్టార్ చేసి ఇచ్చేది. హెడ్ గాస్కెట్లు, ఈజీఆర్ కూలర్లు (ఇంజనులోకి తిరిగి పంపే పొగను చల్లార్చేవి) పోవడం మొదలైంది. వారంటీ ఖర్చు ఎవరిదని 2007లో ఆ రెండు కంపెనీలూ కోర్టుకెక్కాయి. చివరికి ఫోర్డ్ 2011 మోడల్‌కు సొంతంగా 6.7 లీటర్ల ఇంజను తెచ్చుకుంది. వాళ్లు వాళ్లు తేల్చుకున్నారు, మధ్యలో బండి ఆగిపోయిన మనిషి సంగతేంటి? పంచుకున్న ఇంజనులో అసలు ప్రమాదం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

పొదలకూరు_నిమ్మతోట

ఒంగోలు అన్న చెప్పింది నాకు జరిగింది. కంపెనీ పేరు వద్దులే. వారంటీలో ఉన్న పికప్‌కు ఫ్యూయల్ పంపు పోతే “అది మా తయారీ కాదు, వాళ్ల దగ్గర్నుంచి జవాబు రావాలి” అని తిప్పారు. కాయ కోసి బస్తాల్లో ఉంది, మార్కెట్‌కు బాడుగ బండి మాట్లాడుకున్నాను. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

నెల్లూరు_వకీలు

ఆ జవాబు చెల్లదండీ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వేరేవాళ్లు చేసిన వస్తువు మీద తన గుర్తు వేసుకుని అమ్మేవాడు కూడా తయారీదారే. ఇంజను ఎవరు పోతపోశారన్నది వాళ్లలో వాళ్ల లెక్క. రిపేరుకు బండి వదిలిన రోజు, వాళ్లు తిరిగి ఇచ్చిన రోజు జాబ్ కార్డు మీద రాయించుకోండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో నిలబడేది ఆ కాగితమే.

ఆటోనగర్_మేస్త్రీ

వకీలు గారి మాట మంచిది, కానీ కమిషన్ తేల్చేలోపు రొయ్య ఆగదు. అందుకని కావలి తమ్ముడికి నేను చెప్పేది వేరే.

నీ పని గుంట కట్టల మీద. రెండో గేరులో పోవడం, ఆపడం, మళ్లీ స్టార్టు చేయడం. బీఎస్6 డీజిల్‌కు డీపీఎఫ్ ఉంటుంది. సైలెన్సర్ దారిలో మసి పట్టుకునే జల్లెడ అది. మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి. చిన్న చిన్న తిరుగుళ్లకు ఆ వేడి రాదు, లైటు వెలుగుతుంది. కాల్చడానికి ఇంజను అదనంగా పోసే డీజిల్ కొంత ఆయిల్లోకి దిగుతుంది. ఎప్పుడు కాల్చాలి, నిలబెట్టి కాల్చే వీలు ఉందా అన్నది ప్రతి కంపెనీ తన ఈసీఎంలో, అంటే ఇంజన్ను నడిపే కంప్యూటర్‌లో, తానే రాసుకుంటుంది. బ్లాకు ఒకటైనా ఇది ఒకటి కాదు. వారానికి ఒకసారైనా లోడు మీద హైవే ఎక్కించు.

ఇంజెక్టర్లు కూడా అంతే. పక్క కంపెనీ బండిది సరిగ్గా కూర్చుంటుంది, కానీ దాని మీది కోడు ఈసీఎంలో ఎక్కించే స్కానర్ మేస్త్రీ దగ్గర ఉండాలి. లేకపోతే బండి కొట్టుకుంటుంది.

ఒంగోలు_ట్రాన్స్‌పోర్ట్

చూశారా మేస్త్రీ గారూ, చివరికి మీరూ నా దారికే వచ్చారు! ఇంకొకటి కలపండి. ఐసు కరిగిన ఉప్పునీళ్లు ఛాసిస్ మీద పడతాయి. కొత్తాపట్నం వైపు తిరిగే బండ్లలో ఇంజను గట్టిగా ఉండగానే కింద తుప్పు తినేసినవి చూశాను. కింద రంగు, బాడీ వారంటీ రాతలో అడగాలి.

ఆటోనగర్_మేస్త్రీ

మీ దారికి రాలేదు అన్నా. వారంటీ ఉన్నన్నాళ్లు పేరు పనికొస్తుంది. ఆ తర్వాత పదేళ్లు పంచుకున్న ఇంజన్నే నేను కోరుకుంటాను.

కావలి_గుంటల_రైతు

అందరికీ నమస్కారం. రెండు షోరూముల్లో ఇంజను కోడు (అది ఎవరి ఏ ఇంజనో తెలియడానికి), డీపీఎఫ్ నిలబెట్టి కాల్చే వీలు, కావలిలోనే స్కానర్ ఉన్న సర్వీసు ఉందా, ఛాసిస్ తుప్పు వారంటీ, ఈ నాలుగూ రాతలో అడుగుతాను. బావను కూడా వెంట తీసుకెళ్తాను. వాళ్లు ఇచ్చిన జవాబులు ఇక్కడే పెడతాను.