క్వార్టర్‌బ్యాక్ మారితే రన్నింగ్ బ్యాక్‌ని అమ్మేయాలా, ఉంచుకోవాలా?

గోల్‌లైన్ గోపి:
మాది అమెరికన్ ఫుట్‌బాల్ (ఎన్‌ఎఫ్‌ఎల్) ఫాంటసీ లీగ్: నిజం ఆటగాళ్లని మన టీమ్‌లో పెట్టుకుంటే, వాళ్లు మ్యాచ్‌లో ఆడినదాన్నిబట్టి మనకి పాయింట్లు. ఏదైనా టీమ్‌లో బంతి విసిరే స్టార్టర్ క్వార్టర్‌బ్యాక్‌కి దెబ్బ తగిలిందని వార్త రాగానే, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ గురించి మా వాట్సాప్ గ్రూపులో ఒకటే పాట: "ఆ టీమ్ రన్నింగ్ బ్యాక్ పని అయిపోయింది, ఎవరికైనా అంటగట్టెయ్." నేనైతే ఆ రోజే ఆ రన్నింగ్ బ్యాక్ ఎవరి దగ్గరున్నాడో చూసి ట్రేడ్ ఆఫర్ పంపిస్తాను. క్యాచ్‌కి ఒక పాయింట్ ఇచ్చే పీపీఆర్ లీగ్ అయితే మరీను. ఎందుకో చెప్తాను, ఆ తర్వాత తిట్టండి.

2023 న్యూయార్క్ జెట్స్ టీమ్‌ని తీసుకోండి. సెప్టెంబర్ 11 రాత్రి బిల్స్ మీద నాలుగో స్నాప్‌కే (నాలుగో ప్లేకే) క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రోజర్స్ మడమ వెనక అకిలీస్ తెగింది. ఆ సీజన్ అంతా బ్యాకప్‌లు జాక్ విల్సన్, టిమ్ బాయిల్, ట్రెవర్ సీమియన్‌లతోనే బండి లాగించారు. ఆ అఫెన్స్ చూడలేక టీవీ కట్టేసినవాళ్లు నాకు తెలుసు. మరి వాళ్ల రన్నింగ్ బ్యాక్ బ్రీస్ హాల్ సంగతి? పరుగులో 994 యార్డులు, 76 క్యాచ్‌లు, వాటి మీద 591 యార్డులు, మొత్తం 9 టచ్‌డౌన్లు. 2024లో రోజర్స్ తిరిగొచ్చి 17 మ్యాచ్‌లూ ఆడాడు. హాల్ పరుగులో 876 యార్డులకి, 57 క్యాచ్‌లకి, 8 టచ్‌డౌన్లకి తగ్గాడు.

ఎలా అంటారా? థర్డ్ అండ్ ఎయిట్, అంటే మూడో ప్రయత్నం, ఇంకా ఎనిమిది యార్డులు కావాలి. బ్యాకప్ కుర్రాడు బంతి పట్టుకుని వెనక్కి అడుగులేశాడు. మొదట చూడాల్సిన రిసీవర్‌ని (క్యాచ్ పట్టేవాడిని) కాపలా ఉన్న కార్నర్‌బ్యాక్ వదలడం లేదు. రెండోవాడి వైపు చూసేంత టైమూ లేదు, ధైర్యమూ లేదు. ఎడమ పక్క నుంచి ఎవడో దూసుకొస్తున్నాడు. దగ్గర్లో ఖాళీగా కనబడేది హాల్ ఒక్కడే. వాడికి వేసేశాడు. దీన్నే చెక్‌డౌన్ అంటారు. నాలుగు యార్డులు, ట్యాకిల్, పంట్ (బంతిని తన్ని అవతలివాళ్లకి ఇచ్చేయడం). స్టేడియం అంతా బూ అంటోంది. నా ఫోన్‌లో మాత్రం 1.4 పాయింట్లు పడ్డాయి. అవే పాయింట్లు పరుగులో రావాలంటే 14 యార్డులు పరిగెత్తాలి.

ఎడిసన్ వదిన:
గోపీ, ఆ ఏడాది జెట్స్ ఆటలు వదలకుండా చూసినదాన్ని, నాకు చెప్తున్నావా! సీజన్ టోటల్ చూపించి అమాయకుల్ని మోసం చేయకు. ఫాంటసీ ఆడేది వారం వారం. డిసెంబర్ 17న మయామీ చేతిలో 30-0 ఓడారు, ఆ రోజు హాల్ జాడే లేదు. సరిగ్గా వారం తర్వాత వాషింగ్టన్ మీద 12 క్యాచ్‌లు, 2 టచ్‌డౌన్లు, పరుగూ క్యాచ్‌లూ కలిపి 191 యార్డులు. పీపీఆర్‌లో 43 పాయింట్లు. చాలా లీగుల్లో మయామీ వారమే ప్లేఆఫ్స్ మొదటి రౌండ్. అక్కడ హాల్‌ని నమ్ముకుని ఓడినవాళ్లు ఆ 43 పాయింట్లు ఏం చేసుకోవాలి, ఫ్రేమ్ కట్టించుకోవాలా?

ఇంకోటి. 2024లో మారింది క్వార్టర్‌బ్యాక్ ఒక్కడేనా? అయిదు మ్యాచ్‌లయ్యాక కోచ్ సలేని తీసేశారు. ప్లేలు పిలిచే పని, అంటే ఏ ఎత్తు ఆడాలో చెప్పే పని, కోఆర్డినేటర్ హ్యాకెట్ చేతిలోంచి డౌనింగ్‌కి వెళ్లింది. అక్టోబర్‌లో రిసీవర్ డవాంటే ఆడమ్స్ వచ్చాడు, బంతులు అటు వెళ్లాయి. బ్రేలన్ ఆలెన్ అనే కొత్త కుర్రాడు కొన్ని క్యారీలు (బంతి పట్టుకుని పరిగెత్తే అవకాశాలు) పట్టుకుపోయాడు. ఇవన్నీ పక్కనపెట్టి "మంచి క్వార్టర్‌బ్యాక్ వస్తే తగ్గాడు" అంటే ఎలా?

నాష్‌విల్ నాని:
వదిన చెప్పింది కరెక్ట్. క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే మారిన కేసు కావాలంటే 2019 టైటన్స్ చూడండి. అదే కోచ్, అదే కోఆర్డినేటర్ ఆర్థర్ స్మిత్, అదే రన్నింగ్ బ్యాక్ డెరిక్ హెన్రీ. క్వార్టర్‌బ్యాక్ మారియోటాతో మొదటి ఆరు మ్యాచ్‌ల్లో హెన్రీకి క్యారీకి 4 యార్డులు కూడా రాలేదు. ఆరో వారం డెన్వర్‌లో 16-0 ఓడిపోయాక మారియోటాని కూర్చోబెట్టి టానెహిల్‌ని దింపారు. ఇక చూడండి: చీఫ్స్ మీద 188, జాగ్వార్స్ మీద 159, చివరి మ్యాచ్‌లో టెక్సన్స్ మీద 211. సీజన్ మొత్తం 1,540 యార్డులు, రషింగ్ టైటిల్ (లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పరుగు యార్డులు). టానెహిల్ వచ్చాక హెన్రీ ఆడిన తొమ్మిది మ్యాచ్‌ల్లో క్యారీకి దాదాపు 6 యార్డులు.

ఎందుకు? మారియోటా ఉన్నప్పుడు ప్రత్యర్థులకి రిసీవర్ ఎ.జె. బ్రౌన్ గురించి టెన్షన్ లేదు, బాక్స్‌లో, అంటే బంతికి ఎదురుగా దగ్గర్లో, ఎనిమిది మందిని నిలబెట్టి హెన్రీ కోసం కాచుకునేవాళ్లు. టానెహిల్ ప్లే యాక్షన్ మీద (హెన్రీకి బంతి ఇస్తున్నట్టు నటించి) నడిమి లోతుకి సూటిగా విసిరేవాడు, ఆ ఏడాది పాసర్ రేటింగ్ 117.5, లీగ్‌లోనే టాప్. లైన్‌బ్యాకర్లు అర అడుగు వెనక్కి తగ్గారు. హెన్రీలాంటి మనిషికి ఆ అర అడుగు చాలు.

గోపి అన్నా, హెన్రీ ఆ ఏడాది పట్టిన క్యాచ్‌లు 18. చెక్‌డౌన్ వేస్తారు, పాయింట్లొస్తాయి అనే మీ లెక్క ఈయనకి ఎక్కడ పనికొస్తుంది?

గోల్‌లైన్ గోపి:
నానీ, నేను చెప్పేదీ అదే కదా! క్యాచ్‌లు పట్టని రన్నింగ్ బ్యాక్‌ని కొనమని నేనెప్పుడన్నాను? అలాంటివాడికి పాయింట్లు రావాలంటే టీమ్ రెడ్ జోన్‌కి (గోల్ లైన్ ముందు చివరి 20 యార్డులకి) చేరాలి, మ్యాచ్‌లో ముందుండాలి. 14 పాయింట్లు వెనకబడితే వాడిని బెంచ్ మీదికి పంపి క్యాచ్‌లు పట్టే థర్డ్ డౌన్ కుర్రాడిని దింపుతారు. హెన్రీని బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌తో నేనూ ముట్టుకోను. టానెహిల్‌లాంటివాడు వస్తున్నాడంటే మాత్రం ఇల్లు అమ్మైనా కొంటాను.

(ఆ ఏడాది 16వ వారం, అంటే చాలా లీగుల ఫైనల్లో, హెన్రీ హ్యామ్‌స్ట్రింగ్ వల్ల ఆడలేదు. టెక్సన్స్ మీద 211 వచ్చింది 17వ వారంలో. మానిన గాయాన్ని మళ్లీ గుర్తుచేశావు.)

లైన్ మాస్టారు:
అందరూ బంతి పట్టుకున్నవాడినే చూస్తారు, ముందు నిలబడి వాడికి దారి చేసే లైన్‌ని చూడరు. టైటన్స్‌లో క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే మారాడంటున్నారు కదా, ఆ లైన్‌లోని లెఫ్ట్ ట్యాకిల్ టేలర్ లువాన్ సస్పెన్షన్‌లో మొదటి నాలుగు మ్యాచ్‌లు లేడన్న సంగతి ఎవరైనా చెప్పారా? అయిదో వారం అతను వచ్చాడు, ఏడో వారం టానెహిల్ వచ్చాడు. పేరంతా టానెహిల్‌కే ఇచ్చేస్తే, కూర బాగా కుదిరిందని పొగడ్తలన్నీ ఉప్పుకి ఇచ్చినట్టుంటుంది.

రామ్స్ రన్నింగ్ బ్యాక్ టాడ్ గర్లీని చూడండి. 2016లో 885 యార్డులు, 2017లో 1,305 యార్డులు, క్యాచ్‌లతో కలిపి 19 టచ్‌డౌన్లు. 2016 చివర్లో క్వార్టర్‌బ్యాక్‌గా గాఫే ఆడాడు, 2017లోనూ గాఫే. మారింది ఎవరు? కోచ్ ఫిషర్ పోయి మెక్‌వే వచ్చాడు, బెంగాల్స్ నుంచి విట్‌వర్త్ లెఫ్ట్ ట్యాకిల్‌గా వచ్చాడు.

నాష్‌విల్ నాని:
మాస్టారూ, లువాన్ వచ్చాక కూడా డెన్వర్‌లో హెన్రీ 15 క్యారీలకి 28 యార్డులే తెచ్చాడు. లైన్ అదే, క్వార్టర్‌బ్యాక్ మారియోటా. దీనికేమంటారు?

లైన్ మాస్టారు:
ఒక్క మ్యాచ్.

నాష్‌విల్ నాని:
మీరు చెప్పింది ఒక్క ట్యాకిల్.

ఫ్రిస్కో బావ:
నా బాధ కూడా వినండి. 2020, కౌబాయ్స్ రన్నింగ్ బ్యాక్ ఎజికీల్ (జీక్) ఇలియట్. మా ఇంటి చుట్టుపక్కల అందరూ కౌబాయ్స్ అభిమానులే, డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లోనే తీసుకున్నాను. అక్టోబర్ 11న జెయింట్స్ మీద క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ చీలమండ విరిగింది. "డాల్టన్ ఉన్నాడులే, సీనియర్, బెంగాల్స్‌కి ఏళ్ల తరబడి స్టార్టర్" అని ధైర్యం చెప్పుకున్నాను. తర్వాతి మ్యాచ్ సోమవారం రాత్రి కార్డినల్స్‌తో, ఫస్టాఫ్‌లోనే జీక్ రెండుసార్లు బంతి జారవిడిచాడు, 38-10తో ఓడిపోయాం. తర్వాత డాల్టన్ కూడా దెబ్బ తిన్నాడు, డినూచీ అని ఒకడు, గిల్బర్ట్ అని ఒకడు దిగారు. జీక్ సీజన్ ముగించింది 979 యార్డులతో, రషింగ్ టచ్‌డౌన్లు 6. గోపి చెప్పిన చెక్‌డౌన్ల వర్షం ఇక్కడెందుకు కురవలేదు?

లైన్ మాస్టారు:
ఆ ఏడాది వాళ్ల లైన్‌లో టైరన్ స్మిత్ రెండు మ్యాచ్‌లే ఆడాడు. లాయెల్ కాలిన్స్ సీజన్ మొత్తం లేడు. జాక్ మార్టిన్ కొన్ని మ్యాచ్‌లకి దూరమయ్యాడు. ఇంకేం వర్షం.

గోల్‌లైన్ గోపి:
బావా, ఈసారి మాస్టారి మాటే నా మాట. అక్కడ క్వార్టర్‌బ్యాకూ పోయాడు, లైనూ పోయింది. రెండూ పోయినప్పుడు కొనకూడదు. నేను కొనేది ఒక్క క్వార్టర్‌బ్యాక్ పోయినప్పుడే. 2019 పాంథర్స్ చూడండి. క్వార్టర్‌బ్యాక్ కామ్ న్యూటన్ రెండు మ్యాచ్‌లాడి ఆగిపోయాడు, కైల్ ఆలెన్ వచ్చాడు, టీమ్ 5-11 (5 గెలుపులు, 11 ఓటములు). రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ మెకాఫ్రీ పరుగులో 1,387, క్యాచ్‌ల మీద 1,005 యార్డులు, 116 క్యాచ్‌లు, 19 టచ్‌డౌన్లు. ఒకే సీజన్‌లో రెండు రకాలుగానూ వెయ్యి దాటినవాళ్లలో రోజర్ క్రెయిగ్, మార్షల్ ఫాక్ తర్వాత మూడోవాడు. అదీ బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌తో.

ఎడిసన్ వదిన:
అది మెకాఫ్రీ. ముందు ఏడాది, చాలా మ్యాచ్‌లు కామ్ ఆడినప్పుడూ, 107 క్యాచ్‌లు పట్టాడు. ఎవడు విసిరినా పడతాడు. ఆయన్ని చూపించి మిగతా అందరికీ రూల్ రాస్తావా?

కొత్త కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఇది నా మొదటి సీజన్, ఆఫీసువాళ్లు లాగితే చేరాను, క్రికెట్ ఫాంటసీ తప్ప ఏమీ తెలియదు. నా రన్నింగ్ బ్యాక్ టీమ్‌లోకి పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్ వస్తున్నాడట. అది మంచిదా, చెడ్డదా? ఒకరు ఒకటి చెప్తే ఇంకొకరు ఇంకోటి చెప్తున్నారు.

గోల్‌లైన్ గోపి:
తమ్ముడూ, ఇద్దరూ నిజమే చెప్తున్నారు. 2020లో సెయింట్స్‌కి క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ (ఇందాకటి బ్రీస్ హాల్ కాదు) గాయపడితే, పరిగెత్తే టేసమ్ హిల్ నాలుగు మ్యాచ్‌లు స్టార్ట్ చేశాడు. రన్నింగ్ బ్యాక్ ఆల్విన్ కమారాకి ఆ నాలుగింట్లో వచ్చిన క్యాచ్‌లు వరసగా 0, 1, 2, 7. మిగతా 11 మ్యాచ్‌ల్లో 73. బ్రీస్‌కి ఒత్తిడొస్తే కమారాకి వేసేవాడు. టేసమ్‌కి ఒత్తిడొస్తే తనే పరిగెత్తేవాడు. గోల్ లైన్ దగ్గర కూడా అంతే. డెన్వర్ మీద నాలుగు టచ్‌డౌన్లు వస్తే రెండు టేసమ్‌వి, రెండు ఇంకో రన్నింగ్ బ్యాక్ లటావియస్ ముర్రేవి. బ్రీస్ తిరిగొచ్చాక క్రిస్మస్ రోజు వైకింగ్స్ మీద కమారా ఆరు టచ్‌డౌన్లు పరిగెత్తాడు. 1929లో ఎర్నీ నెవర్స్ పెట్టిన రికార్డుని సమం చేశాడు.

ఇప్పుడు రెండో వైపు. హెన్రీ 2023లో టైటన్స్‌కి 1,167 యార్డులు, క్యారీకి 4.2. 2024లో రేవెన్స్‌కి, పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్ లామార్ జాక్సన్ పక్కకి వెళ్లాడు: 1,921 యార్డులు, క్యారీకి 5.9, 16 రషింగ్ టచ్‌డౌన్లు. ప్రత్యర్థి డిఫెన్సివ్ ఎండ్, లామార్ బంతి ఇచ్చాడా, దాచుకున్నాడా అని ఒక్క క్షణం ఆగిపోతాడు, అప్పటికి హెన్రీ లైన్ దాటేసి ఉంటాడు. సేక్వాన్ బార్క్లీ కూడా జెయింట్స్ నుంచి ఈగల్స్‌కి, అంటే ఇంకో పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్ హర్ట్స్ పక్కకి వెళ్లి 2,005 యార్డులు తెచ్చాడు. అదీ హర్ట్స్ తనే 14 రషింగ్ టచ్‌డౌన్లు, వాటిలో చాలా ఒక యార్డు దూరంలో తోపుడు ప్లేతో, తీసుకుపోతుంటే!

కాబట్టి నీ మనిషి పాయింట్లు దేనివల్ల వస్తున్నాయో చూడు. క్యాచ్‌ల వల్లైతే పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్ వచ్చిన రోజే అమ్మెయ్. క్యారీల వల్లైతే ఉంచుకో.

లైన్ మాస్టారు:
ఈగల్స్ లైన్, రేవెన్స్ లైన్ గురించి ఒక్క ముక్క కూడా లేదు. గమనించగలరు.

ఫ్రిస్కో బావ:
మాస్టారూ మీరు మారరు.

నాష్‌విల్ నాని:
గోపి అన్నా, మీ రూల్‌కి ఒక హద్దు ఉంది. ఇందాక చెప్పిన సెయింట్స్–డెన్వర్ మ్యాచ్‌లోనే డెన్వర్ బ్రాంకోస్ వైపు చూడండి. కోవిడ్ నిబంధనల వల్ల ఉన్న క్వార్టర్‌బ్యాక్‌లందర్నీ పక్కనపెట్టారు, ప్రాక్టీస్ స్క్వాడ్‌లోని రిసీవర్ కెండల్ హింటన్‌ని నిలబెట్టారు. 9 పాసులు వేస్తే ఒకటి పడింది. టీమ్ స్కోరు 3. రన్నింగ్ బ్యాక్‌లు గోర్డన్, లిండ్సే ఇద్దరూ చేతులెత్తేశారు. అంటే బ్యాకప్ కనీసం చెక్‌డౌన్ అయినా వేయగలగాలి. జెట్స్ బ్యాకప్ సీమియన్ వేయగలిగాడు, ఎన్నో ఏళ్లు లీగ్‌లో తిరిగినవాడు. మూడో రౌండ్‌లో తీసుకున్న రూకీ (మొదటి ఏడాది కుర్రాడు) మొదటి స్టార్ట్‌లో వేయగలడో లేదో మీకెలా తెలుస్తుంది? మీరేమో ఆ రోజే ఆఫర్ పంపిస్తానంటున్నారు. నేనైతే ఒక మ్యాచ్ చూస్తాను. ఎన్ని టార్గెట్లు (అతని వైపు వేసిన పాసులు) వచ్చాయి, టూ మినిట్ డ్రిల్‌లో (చివరి రెండు నిమిషాల హడావిడిలో) ఎవరున్నారు, అయిదు యార్డుల లోపల బంతి ఎవరికిచ్చారు, ఈ మూడూ చూసుకుని అప్పుడు అడుగుతాను.

గోల్‌లైన్ గోపి:
ఆ ఒక్క మ్యాచ్‌లో ఏడు క్యాచ్‌లు పట్టాడంటే ధర ఆకాశాన్నంటుంది నానీ. చవగ్గా దొరికేది భయం ఉన్నప్పుడే. తెలియనిది ఉంటుంది కాబట్టే రేటు తక్కువ.

ఎడిసన్ వదిన:
ఇది నీ రికార్డు 5-2 ఉన్నప్పుడు బాగుంటుంది. హాల్‌లాంటివాడు రెండు వారాలు 4 పాయింట్లు తెచ్చి మూడో వారం 40 తెచ్చినా తట్టుకుంటావు. 2-5 ఉన్నవాడికి వారం వారం 12 తెచ్చేవాడు కావాలి. వాడు నీకు అమ్మడం తెలివితక్కువ కాదు, వాడి అవసరం అది. అందుకే నీ ట్రేడ్‌లు కుదురుతున్నాయి, నీ సిద్ధాంతం వల్ల కాదు.

కొత్త కుర్రాడు:
నా రికార్డు 2-5. మా లీగ్‌లో క్యాచ్‌కి పాయింట్ లేదని ఇప్పుడే సెట్టింగ్స్‌లో చూశాను. ఇంతకీ అమ్మాలా వద్దా?

నాష్‌విల్ నాని:
క్యాచ్‌కి పాయింట్ లేకపోతే గోపి అన్న రాసిందాంట్లో సగం నీకు అక్కర్లేదు. లామార్–హెన్రీ పేరా ఒక్కటీ మళ్లీ చదువుకో. అలాగే మీ టీమ్ లైన్‌లో ఎవరెవరు గాయాలతో ఉన్నారో చూడు, లేకపోతే మాస్టారు ఊరుకోరు.