ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ వాపును (ఇన్‌ఫ్లమేషన్) తగ్గిస్తే, ఏళ్ల తరబడి ఒత్తిడిలో వాపు పెరగడమేంటి?

నమస్కారమండీ. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, మైక్రోబయాలజీ పీజీ చదువుతున్నాను. ఇమ్యునాలజీలో (రోగనిరోధక శాస్త్రం) ఒకచోట బుర్ర ఆగిపోయింది, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

కార్టిసాల్ కణంలోకి వెళ్లి, దాన్ని అందుకునే ప్రొటీన్ అయిన గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్‌కి అతుక్కుంటుంది. రెండూ కలిసి కేంద్రకంలోకి చేరి వాపు జన్యువుల్ని ఆన్ చేసే ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్ పనిని అణిచేస్తాయి, దాంతో ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి సైటోకైన్లు (వాపును పెంచే సంకేత ప్రొటీన్లు) తగ్గుతాయి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు పనిచేసేదీ ఈ దారిలోనే. ఇంతవరకూ బాగానే ఉంది. మరి దీర్ఘకాల ఒత్తిడిలో ఉన్నవాళ్లలో ఐఎల్-6 ఎక్కువగా ఎందుకుంటోంది? రిసెప్టరే కార్టిసాల్ మాట వినడం మానేస్తుందని చదివాను. అంటే రిసెప్టర్లు తగ్గిపోతాయా, ఉన్నవే మొద్దుబారతాయా? అడ్రినలిన్ బీటా-2 రిసెప్టర్ ద్వారా కణం లోపల సంకేతం మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువును పెంచుతుంది కదా, అది ఇందులో ఎక్కడ కలుస్తుంది?

ఇదంతా పరీక్ష కోసమే కాదు. మా అన్నయ్యకి వనామి రొయ్యల చెరువులున్నాయి. కరెంటు పోతే నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతాయని రాత్రంతా గట్టు మీద, జనరేటర్ పక్కనే ఉంటాడు. పట్టుబడి దగ్గరపడితే చాలు, కింది పెదవి మీద గుత్తుగా నీటిపొక్కులు లేస్తాయి. అమ్మ వేడి చేసిందని మజ్జిగ పోస్తుంది. నాకైతే హెర్పిస్ వైరస్ అనిపిస్తోంది. నిద్రలేమి, ఒత్తిడి కలిసి వైరస్‌లతో పోరాడే టీ కణాల్ని నీరసింపజేయడం వల్లేనా ఇది? ఉదయం 8 గంటల కార్టిసాల్ రక్తపరీక్షలో ఏమైనా తేలుతుందా, డబ్బు దండగేనా?