మరో యూజర్ ఖాతా నుంచి గ్రాఫికల్ ప్రోగ్రాం నడపడానికి అనుమతి ఎలా ఇవ్వాలి?

ప్రశ్న:
నా కంప్యూటర్‌లో డెబియన్ 12 (లినక్స్), ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్నాయి. అపరిచితులు పంపే పీడీఎఫ్‌లు నా సొంత ఫైళ్ల జోలికి రాకూడదని వాటి కోసం "అతిథి" అనే ఖాతా సృష్టించాను. టెర్మినల్‌లో ఎస్‌యూ కమాండ్‌తో ఆ ఖాతాలోకి మారి పీడీఎఫ్ రీడర్‌ను తెరిస్తే, డిస్‌ప్లే తెరవలేకపోయినట్లు చెప్పి ఆగిపోతోంది. "ఎక్స్‌హోస్ట్ +" అని టైప్ చేయగానే పని జరిగింది గాని, అది ఏం చేసిందో తెలియకుండా వాడటానికి మనసు ఒప్పడం లేదు. సరైన పద్ధతిని దయచేసి తెలుపగలరు.

సమాధానం 1:
మీ సందేహం సబబైనదే. లాగిన్ సమయంలో తయారైన 128 బిట్ల రహస్య కుకీని (తాళంచెవి లాంటి సంఖ్యను) చూపిన ప్రోగ్రాంనే ఎక్స్ సర్వర్ (ప్రోగ్రాంల కిటికీలను తెరపై చూపే సాఫ్ట్‌వేర్) సాధారణంగా లోపలికి రానిస్తుంది. ఆ కుకీ మీ హోం డైరెక్టరీలోని .ఎక్స్‌అథారిటీ ఫైల్లో ఉంటుంది, దానిని ఇతర ఖాతాలు చదవలేవు కాబట్టే అతిథి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. మీరు ఇచ్చిన కమాండ్ ఆ తనిఖీనే ఎత్తివేసి, కంప్యూటర్‌లోని ప్రతి ఖాతాకూ తలుపు తెరిచింది. ముందు "ఎక్స్‌హోస్ట్ -" అని దాన్ని మూయండి. ఆ తర్వాత "ఎక్స్‌హోస్ట్ +ఎస్‌ఐ:లోకల్‌యూజర్:అతిథి" అని ఆ ఒక్క ఖాతాకే అనుమతి ఇవ్వండి. "ఎస్‌యూ -" తో మారితే, ఏ తెరపై చూపాలో చెప్పే డిస్‌ప్లే విలువ పోతుంది కనుక దానిని :0 (మీ మామూలు తెర) అని మళ్లీ ఇవ్వాలి. మీరు లాగౌట్ చేశాక ఈ అనుమతి నిలవదు.

సమాధానం 2:
పై పద్ధతి పనిచేస్తుంది, కానీ మీ ఉద్దేశానికి అది చాలదని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. ఎక్స్ సర్వర్ పాటించే ఎక్స్11 పద్ధతిలో ఒకే తెరకు చేరిన ప్రోగ్రాంల మధ్య అడ్డుగోడ లేదు. అతిథి ఖాతాలోని ప్రోగ్రాం మీ ఫైళ్లను తాకలేకపోయినా, మీరు పక్క కిటికీలో టైప్ చేసే పాస్‌వర్డ్‌ను వినగలదు, తెరపై ఉన్నదానిని బొమ్మగా తీసుకోగలదు. అందువల్ల ఝెఫిర్ అనే ప్రోగ్రాంతో కిటికీలోనే :1 అనే రెండో తెరను నడిపి, అతిథికి దానిపైనే అనుమతి ఇచ్చి, :0 పై ఇచ్చినదానిని "ఎక్స్‌హోస్ట్ -ఎస్‌ఐ:లోకల్‌యూజర్:అతిథి" అని తొలగించండి. క్లిప్‌బోర్డ్ రెండింటి మధ్య కలవదు, అది కొంత ఇబ్బందే అయినా ఇక్కడ మేలే.

అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఝెఫిర్‌లో పీడీఎఫ్ తెరుచుకుంది. ఎక్స్‌కు బదులుగా వచ్చిన కొత్త పద్ధతి వేలాండ్‌కు మారితే ఈ అవస్థ ఉండదా?

సమాధానం 2:
వేలాండ్‌లో ఒక ప్రోగ్రాం మరొకదాని కీలను వినలేదు. అయితే దాని సాకెట్ (ప్రోగ్రాంలు దానితో మాట్లాడే ద్వారం) /రన్/యూజర్/1000 వంటి డైరెక్టరీలో ఉంటుంది, దానిలోకి ఆ ఖాతాదారుకు తప్ప ఇతర సాధారణ ఖాతాలకు ప్రవేశం లేదు. కనుక వేరే ఖాతాను లోపలికి పిలవడం అక్కడ ఇంకా కష్టం. పాత ఎక్స్ ప్రోగ్రాంలు వేలాండ్‌లో ఎక్స్‌వేలాండ్ అనే ఎక్స్ సర్వర్ మీదుగా నడుస్తాయి, వాటి మధ్య ఈ గోడ అక్కడా లేదు.