ఆస్ట్రో మోడ్ బొమ్మల్ని నెల బొమ్మకి పరిగణించాలా, వద్దా?

గుణుపురం_చుక్క
ప్రతి అమావాస్య తర్వాత, ఫోన్‌తో తీసిన రాత్రి ఆకాశం బొమ్మల్లోంచి ఒకటి ఎంచి నెల బొమ్మగా పైన పెడుతున్నాం కదా. ఏప్రిల్‌కి వచ్చినవాటిలో సగం పైగా ఆస్ట్రో మోడ్‌వే. అంటే ఫోన్‌ని స్టాండ్‌కి బిగించి, బటన్ నొక్కి, నాలుగు నిమిషాలు ఆగితే వచ్చినవి. మిగతావి సెట్టింగులన్నీ మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో రా ఫైళ్ళు (ఫోన్ మెరుగులు దిద్దని ఫోటోలు) తీసి, కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చినవి. ఇప్పుడు పైనున్న త్రిపాద్ గారి "మహేంద్రగిరి మీద పాలపుంత, పర్లాకిమిడి శివారు నుంచి" పేర్చిన బొమ్మే. ఆస్ట్రో మోడ్‌ని పోటీలోంచి తీసేయమంటున్నదీ ఆయనే. రెండూ ఒకే వరసలో ఉండొచ్చా? చెప్పండి.

త్రిపాద్
ఉండకూడదు. ఆస్ట్రో మోడ్‌లో ఫోన్ తీస్తుంది, మనిషి పక్కన కూర్చుంటాడు.

పేర్చే పని ఎలా ఉంటుందో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఐఎస్ఓ (వెలుగుని పట్టే చురుకుదనం) 1600 నుంచి 3200 లోపు, షట్టర్ 10 సెకన్లు. వైట్ బ్యాలెన్స్‌ని 4000 కెల్విన్ దగ్గర బిగించేయాలి, ఆటోలో వదిలితే ఫ్రేము ఫ్రేముకీ రంగు మారిపోతుంది. ఫోకస్ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. చాలా ఫోన్లలో స్లయిడర్‌ని చివరికంటా లాగితే అనంతం దాటిపోతుంది, చుక్కలు బూరెల్లా ఉబ్బుతాయి. దూరంగా ఉన్న సెల్ టవర్ ఎర్రదీపాన్ని తెరమీద పెద్దది చేసి చూస్తూ, చివరి నుంచి వెంట్రుకవాసి వెనక్కి తేవాలి. స్టాండ్ మీద స్టెబిలైజేషన్ ఆపెయ్యాలి, టైమర్ 5 సెకన్లు పెట్టాలి. ఇలా 40 ఫ్రేములు. వెంటనే లెన్స్ మీద నల్లగుడ్డ కప్పి, అదే ఐఎస్ఓ, అదే 10 సెకన్లతో 15 డార్క్ ఫ్రేములు, సెన్సర్ వేడికి పుట్టే తప్పుడు చుక్కల్ని పేర్చేటప్పుడు తీసెయ్యడానికి. ఇంటికొచ్చాక తీస్తే దండగ. సెన్సర్ వేడి ఆరేడు డిగ్రీలు మారితే చాలు, ఆ వేడి చుక్కల లెక్క రెట్టింపో సగమో అయిపోతుంది. ఇన్ని డీఎన్‌జీలూ (రా ఫైళ్ళు) సీక్వేటర్ అనే ప్రోగ్రామ్‌లో పోసి పేర్చాలి.

ఇంత చేసినవాడినీ బటన్ నొక్కినవాడినీ ఒక గాటన కడతారా?

డాబా_మీద
త్రిపాద్ గారూ, మీరు చేత్తో చేసిందే ఫోన్ లోపల చేస్తుంది. 2019లో గూగుల్ పిక్సెల్ 4 ఫోన్‌తో వచ్చిన ఆస్ట్రో మోడ్ ఏం చేసింది? 16 సెకన్లకి మించని ఫ్రేములు 15 దాకా తీసి, చుక్కలు కలిసేలా సర్ది, వేడి చుక్కలు తుడిచి, ఒక్కటి చేసింది. మీ 40కీ దాని 15కీ సూత్రం ఒకటే: ఎన్ని ఫ్రేములు పేరిస్తే దాని వర్గమూలం కొద్దీ నాయిస్ (బొమ్మలో గరుకు) తగ్గుతుంది. 16 పేరిస్తే నాలుగో వంతు. చేత్తో పిండి రుబ్బితేనే ఇడ్లీ, గ్రైండర్‌లో వేస్తే కాదు అన్నట్టుంది మీ వాదన.

త్రిపాద్
16 సెకన్లంటే చుక్క సాగుతుంది. అక్కడే దొరికిపోయింది.

డాబా_మీద
ఎంత సాగుతుందో లెక్క కట్టండి. ఆకాశం సెకనుకి 15 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకనంటే డిగ్రీలో 3600వ వంతు) జరుగుతుంది. ఫోన్ మెయిన్ లెన్స్ 24 ఎంఎం లెక్కన, 12 మెగాపిక్సెల్ బొమ్మలో ఒక పిక్సెల్‌కి డెబ్బై పైచిలుకు ఆర్క్ సెకన్లు. అంటే ఐదు సెకన్లకో పిక్సెల్. మీ 10 సెకన్లకి రెండు పిక్సెళ్ళు, దాని 16కి మూడు. ఆ ఒక్క పిక్సెల్ కోసమా ఇంత గోల?

త్రిపాద్
50 మెగాపిక్సెల్‌లో తీస్తే అది రెట్టింపు. అది వదిలేశారు.

డాబా_మీద
50లో తీస్తే మీ 10 సెకన్లదీ రెట్టింపే. పైగా చీకట్లో చిన్న పిక్సెల్‌తో ఎవరు తీస్తారండీ?

రాయగడ_చీకటి
మా వీధిలో కరెంటు పోయినప్పుడు ఏ మోడ్ అయినా బాగుంటుంది.

కోరాపుట్_చలి
ఇద్దరూ సెకన్ల దగ్గరే తిరుగుతున్నారు. ఆస్ట్రో మోడ్ పేర్చడంతో ఆగదు. పిక్సెల్ ఫోన్లలో ఆకాశం ఎక్కడుందో లోపలి ప్రోగ్రామే గుర్తుపట్టి, ఆ భాగాన్ని నల్లబరుస్తుంది. కొండ అంచు వెంబడి తెల్లటి గీత వస్తే అనుమానించాల్సింది దీన్నే. ఇక చందమామ సంగతి వేరు. 2023 మార్చిలో ఒకాయన చంద్రుడి బొమ్మని కావాలని మసకచేసి కంప్యూటర్ తెర మీద పెట్టి, గదిలో దీపం ఆర్పి, సామ్‌సంగ్ ఫోన్‌తో జూమ్ చేసి తీశాడు. అసలు బొమ్మలో లేని గుంటలు ఫోటోలోకి వచ్చాయి. ఫోన్ కెమెరాలో సీన్ ఆప్టిమైజర్ అనే సెట్టింగ్ ఆపేస్తే ఆ హంగు రాదు. కాబట్టి చంద్రుడికి అది ఆపి ఉండాలని నియమం పెట్టండి. పాలపుంత విషయంలో నల్లబరచడం వేరు, లేని చుక్క పెట్టడం వేరు.

ఇంకోటి. దేవమాలి కొండ మీద శీతాకాలం పొద్దుపోయాక లెన్స్‌కి మంచు పడుతుంది. చుక్కల చుట్టూ వలయాలు కనిపిస్తే అది ఫోకస్ తప్పు కాదు, తేమ. చేతిరుమాలుతో తుడిస్తే రెండు నిమిషాల్లో మళ్ళీ పడుతుంది. ఫోన్ వీపుకి గోరువెచ్చని నీళ్ళ సీసా ఆనించి లెన్స్‌ని వెచ్చగా ఉంచాలి. ఎక్కువ వేడి చేశారో, నాయిస్ పెరుగుతుంది.

త్రిపాద్
చూశారా, ప్రోగ్రామ్ నల్లబరుస్తుందని మీరే ఒప్పుకున్నారు. నేను అదే అంటున్నాను. ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

బరంపురం_బాటసారి
మన ఒడిశా ఖగోళ శాస్త్రజ్ఞుడు పఠాణి సామంత వెదురు పుల్లలు, కర్రముక్కలతో గ్రహాలు కొలిచాడు. ఆయనకి ఏ మోడ్ ఉందండీ?

వంశధార_ఒడ్డు
ఆయన కోణం కొలిచేవాడు బాటసారి గారూ, ఏ దిక్కున ఎంత ఎత్తులో ఉందో చూసేవాడు. మంచి మాట గుర్తుచేశారు. ఉన్నది ఉన్నట్టు అంటున్నారు కనక త్రిపాద్ మాస్టారిని ఒకటి అడగాలి.

పైన ఉన్న మీ బొమ్మలో కొండకి సరిగ్గా నెత్తిమీద వృశ్చికం ఉంది. జ్యేష్ఠ చుక్క ఎర్రగా, కింద మూల, అంటే తేలు తోక కొక్కెం, పక్కన పాలపుంత నడిబొడ్డు. పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి ఈశాన్యాన ఉంటుంది. పాలపుంత నడిబొడ్డు మనకి ఆగ్నేయంలో లేచి, దక్షిణాన 42 డిగ్రీల ఎత్తుకి ఎక్కి, నైరుతిలో దిగుతుంది. ఈశాన్యానికి ఏ నెలలోనూ రాదు. మీ బొమ్మ కింద ఏప్రిల్, తెల్లవారుజాము 3 గంటలు అని ఉంది. ఆ వేళకి జ్యేష్ఠ నేరుగా దక్షిణాన ఉండాలి.

త్రిపాద్
పాలపుంత అంటే మూల ఒక్కటేనా? ఆకాశానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంటుంది. హంస మండలం వైపు ఈశాన్యంలోనే లేస్తుంది.

వంశధార_ఒడ్డు
లేస్తుంది, కాదనను. అలా తీస్తే కొండ మీద అభిజిత్తు చుక్క, హంస కనపడాలి. మీ దాంట్లో తేలు తోక ఉంది. అభిజిత్తుకి తోక లేదు కదా మాస్టారూ.

కొండ కొలత కూడా కుదరలేదు. పర్లాకిమిడి నుంచి కొండ ముప్పై కిలోమీటర్ల పైమాటే. ఎత్తు 1501 మీటర్లు. చెయ్యి చాపి చూస్తే బొటనవేలంత మందం. మెయిన్ లెన్స్‌లో తేలంతా పట్టేలా తీస్తే కొండ అడుగున సన్నటి గట్టులా ఉండాలి. మీ బొమ్మలో మూడో వంతు కొండే. అది దూరాన్ని దగ్గర చేసే టెలి లెన్స్‌తో, వెలుతురు ఉండగా తీసిన నేల.

డాబా_మీద
అయ్య బాబోయ్. పిక్సెల్ ఒక్కటి సాగిందని నన్ను నిలదీసి, తమరు కొండనే అరచేత మోసుకొచ్చారా ఆంజనేయులూ!

త్రిపాద్
నవ్వండి. నేల వేరుగా తీయకుండా పేర్చినవాడిని ఒక్కడిని చూపించండి. 40 ఫ్రేములంటే 400 సెకన్లు, ఆకాశం డిగ్రీన్నర జరుగుతుంది. చుక్కలు కలిపితే కొండ సాగిపోతుంది, కొండ కలిపితే చుక్కలు సాగిపోతాయి. నేలకో ఎక్స్‌పోజర్, ఆకాశానికో ఎక్స్‌పోజర్ అందరూ పెట్టేదే. మునిమాపు వేళ నేల తీశాను, తెల్లవారుజామున ఆకాశం తీశాను. రెండూ నా ఫోనే, రెండూ నా చేతులే. ఒక్క చుక్క కూడా ఏఐ వెయ్యలేదు.

వంశధార_ఒడ్డు
వేరుగా తీయడంలో తప్పు లేదు. స్టాండ్ కదపకుండా, లెన్స్ మార్చకుండా, ఒకే దిక్కున తీస్తే అది ఆ చోటే. నేల ఈశాన్యం, ఆకాశం దక్షిణం అయినప్పుడు ఆ చోటు ఎక్కడా లేదు. మీ బొమ్మ చూసి ఎవరైనా కొత్తగా ఫోన్ కొన్న కుర్రాడు పర్లాకిమిడి శివారుకి వెళ్ళి, కొండవైపు స్టాండ్ పెట్టుకుని, రెండు నుంచి నాలుగు దాకా కూర్చుంటాడు. మూల అతని కుడి భుజం వెనక ఉంటుంది.

త్రిపాద్
అదా మీ బాధ? నాకు ఈ బొమ్మ పటం కాదు. మన కొండ మీద మన పాలపుంత కనపడాలి, అంతే. దాన్ని గంటలు కూర్చుని నా చేత్తో అమర్చాను. ఆస్ట్రో మోడ్‌వాళ్ళు అమర్చేదేం లేదు, అందుకే వద్దన్నాను. నిజం, అబద్ధం అని నేనెక్కడన్నాను?

డాబా_మీద
"ఉన్నది ఉన్నట్టు ఉండాలి" అని పైన రాసిందెవరు?

కోరాపుట్_చలి
ఇప్పుడు బయటపడింది. ఒకరికి కష్టం కావాలి, ఒకరికి దిక్కు కావాలి. మోడ్ ఎవరికీ అక్కర్లేదు. నా మట్టుకు వంశధార గారి మాటే. మహేంద్రగిరి మీద వృశ్చికం నిజంగానే కావాలంటే కొండకి వాయవ్యాన ఉన్న పల్లెల్లోంచి ఆగ్నేయానికి చూసి తీయాలి. ఏప్రిల్‌లో అయితే అర్ధరాత్రికి అటూ ఇటుగా మూల లేచీ లేవగానే, కొండ అంచుకి దగ్గరగా ఉన్నప్పుడు. మూడింటి దాకా ఆగితే చెయ్యి దాటిపోతుంది. కొండకి బాగా దగ్గరికి కూడా వెళ్ళొద్దు, అడ్డుపడిపోతుంది.

గుణుపురం_చుక్క
అయితే వచ్చే నెల నుంచి మోడ్ ఏదైనా సరే. బొమ్మ కింద ఐదు ముక్కలు రాయండి: ఎక్కడ నిలబడ్డారు, ఏ దిక్కు, ఎన్ని గంటలకి, ఎన్ని ఫ్రేములు ఎన్నేసి సెకన్లు, నేల వేరుగా తీశారా. త్రిపాద్ గారూ, మీ బొమ్మ తీసెయ్యం. కింద దిక్కులు మాత్రం రాసెయ్యండి.

త్రిపాద్
రాస్తాను. నేల ఈశాన్యం, టెలి లెన్స్, సాయంత్రం. ఆకాశం దక్షిణం, మెయిన్ లెన్స్, 40 ఫ్రేములు.

వంశధార_ఒడ్డు
మరి "మహేంద్రగిరి మీద" అన్న పేరో?

త్రిపాద్
పేరు మార్చను.

రాయగడ_చీకటి
ఇంతకీ ఆ 16 సెకన్ల సంగతి ఏటయింది?