గొడవల రోజుల్లో కాసేపు ప్రశాంతంగా ఎక్కడ కూర్చోవచ్చు?

మేం ఉండేది దోమలగూడలో. ఇందిరా పార్కు ధర్నా చౌక్ దగ్గరే కాబట్టి మైకులు, నినాదాలు మాకు అలవాటే. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచినప్పుడూ ఇక్కడే ఉన్నాం. ఈ మధ్య మాత్రం తెల్లారేసరికి బారికేడ్లు, టీవీ పెడితే మళ్లీ అదే గొడవ, ఒకటే టెన్షన్. (ధర్నా చేసేవాళ్ల మీద కోపం లేదు, ఎవరి బాధ వాళ్లది.) ఇరానీ హోటల్లో మూల టేబుల్ దగ్గర చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకు తినే ఆ కాసేపే మనసు కుదురుగా ఉంటోంది. అక్కడా షట్టర్ సగం దించే ఉంచుతున్నారు.

ఇలాంటప్పుడు మీరేం చేస్తారు? ట్యాంక్ బండ్ మాత్రం చెప్పకండి, ఆ దారిలో ఎప్పుడు ఆపేస్తారో తెలీదు. మెట్రోలో వెళ్లొచ్చేలా, మోకాళ్ల నొప్పులున్న అమ్మ కూడా కూర్చోగలిగే చోటు ఏదైనా ఉంటే చెప్తారా?