డాబా మీద ప్లాస్టిక్ పలకల డెక్: ఒకదానిలో ఒకటి బిగిసే జాయింటు చాలా, స్క్రూ కావాలా?

పలకల_డిజైనర్:
విశాఖలో మాది చిన్న ఎక్స్‌ట్రూజన్ యూనిట్, అంటే కరిగించిన ప్లాస్టిక్‌ని డై అనే అచ్చులోంచి తోసి పొడవాటి ముక్కలు తీసే చోటు. ఇన్నాళ్లూ తలుపు ఫ్రేముల ప్రొఫైళ్లు తీశాం. ఇప్పుడు డాబాల మీద, బాల్కనీల్లో పరుచుకునే డెక్ పలక గీస్తున్నాను. డై చేయించాక మార్చాలంటే డబ్బు పోతుంది, అందుకే ముందే అడుగుతున్నాను.

పలక వెడల్పు 140 మి.మీ., మందం 25. లోపల బోలు. పైనా కిందా 3 మి.మీ. పొరలు, వాటి మధ్య 2.5 మి.మీ. మందంతో అయిదు నిలువు రిబ్బులు. మెటీరియల్ 20 శాతం టాల్క్ (మెత్తటి రాతి పొడి) కలిపిన పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. నిండు పలకతో పోలిస్తే సరుకు మూడో వంతు కూడా పట్టదు, కానీ వంగకుండా నిలిచే బలం 60 శాతం మిగులుతుంది. వంపును ఆపేది ప్రధానంగా పై పొర, కింది పొరే మరి. బరువు చదరపు మీటరుకు సుమారు 8 కిలోలు. అదే 20 మి.మీ. గ్రానైట్ అయితే 54. పాత స్లాబులకి ఈ తేడా చాలా ముఖ్యం. లిఫ్టు లేని ఇంటికి మెట్ల మీద మోసుకెళ్లడానికి కూలీలు అక్కర్లేదు.

ఒక అంచున నాలుక, రెండో అంచున గాడి. తట్టి కూర్చోబెడితే బిగుస్తుంది. స్క్రూలు లేవు, మేస్త్రీ అక్కర్లేదు. ఈ జాయింటు చాలా, లేక ప్రతి పలకనూ కింద రన్నరుకి (పలకల్ని మోసే అడ్డ పట్టీకి) స్క్రూతో పట్టాలా?

గోదారి_వడ్రంగి:
విశాఖలో ఉండి 8 కిలోలని సంబరంగా ఎలా రాశారండీ? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది మీ ఊరి దగ్గరే. ఎయిర్‌పోర్టు పైకప్పే దెబ్బతింది. ఆ తర్వాత అక్కడ పనికొచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. డాబా మీది రేకుల్ని పక్క వీధిలో వెతుక్కొచ్చారు జనం. ఇప్పుడు స్క్రూ లేని తేలిక పలకలా? నేనైతే వెయ్యను.

సాగరతీరం:
మేస్త్రీ గారు చెప్పింది నిజం. మా ఇంటి మీది సోలార్ హీటర్ కూడా పడిపోయింది.

పలకల_డిజైనర్:
@గోదారి_వడ్రంగి గారూ, బరువును గాలికి అడ్డం పెట్టకండి. లెక్క చూద్దాం. కట్టడాల మీద గాలి భారానికి భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకి ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకి 50 మీటర్లు (హైదరాబాద్‌కి 44). దాని ఒత్తిడి 0.6 × 50 × 50, అంటే చదరపు మీటరుకి 1500 న్యూటన్లు. సుమారు 150 కిలోల బరువుతో సమానం. డాబా మూలల్లో పైకి లాగేది దీన్ని మించొచ్చు. 54 కిలోల గ్రానైట్ కూడా బరువుతో ఆగదు, కింద సిమెంటు పట్టుకుంటేనే ఆగుతుంది. కాబట్టి తుపాను దగ్గర 8 కిలోలైనా 30 కిలోలైనా ఒకటే.

పనికొచ్చేవి రెండు. పలకల మధ్య సందులుంటే గాలి కిందికీ చేరి, పైనా కిందా ఒత్తిడి కొంత సమానమవుతుంది. రెండోది జాయింటు. మూలలో ఒక పలకని గాలి లాగితే పక్కవన్నీ కలిసి దాన్ని పట్టుకుంటాయి. విడివిడిగా పరిచిన పలకలకి ఆ అండ లేదు.

గోదారి_వడ్రంగి:
పక్కవన్నీ పట్టుకుంటాయి, సరే. మరి వాటినెవరు పట్టుకుంటారు?

పలకల_డిజైనర్:
చుట్టూ అల్యూమినియం అంచు ఫ్రేము ఉంటుంది. దాన్ని పిట్టగోడకి యాంకర్ బోల్టులతో బిగిస్తాం.

గోదారి_వడ్రంగి:
ఆ యాంకర్ ఎవరు కొడతారు, ఇంటాయనా? మేస్త్రీ అక్కర్లేదన్నారుగా.

సైట్_ఇంజనీర్_కూకట్‌పల్లి:
గాలి ఎప్పుడో వస్తుంది. ఎండ రోజూ వస్తుంది. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. టాల్క్ లేని పాలీప్రొపిలీన్ మీటరుకి ఒక్కో డిగ్రీకి 0.1 మి.మీ. తక్కువ కాకుండా సాగుతుంది. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలు, మే మధ్యాహ్నం పలక మీద 60 అనుకోండి. 45 డిగ్రీల తేడాకి 3 మీటర్ల పలక 13 మి.మీ. పైగా పెరుగుతుంది. టాల్క్ కలిపితే తగ్గుతుంది గానీ పోదు.

పొడవు సంగతి అందరికీ తెలుసు, చివర్న సందు వదులుతారు. ఇబ్బంది పెట్టేది వెడల్పు. 140 మి.మీ. పలక అడ్డంగా 0.6 మి.మీ. పెరుగుతుంది. ఏముందిలే అనిపిస్తుంది. 4 మీటర్ల డాబాకి 28 పలకలు పడితే మొత్తం 18 మి.మీ. జాయింట్లన్నీ బిగుతుగా ఉండి, చుట్టూ ఫ్రేమునీ పిట్టగోడకి బిగిస్తే ఆ 18 ఎక్కడికి పోతుంది? డెక్ మధ్యలో ఉబ్బుతుంది. ప్రతి జాయింటులోనూ ఒక మి.మీ. ఆట ఉండాలి. ఆట ఉంటే నడిచినప్పుడు కటకటమంటుంది. కొన్నవాళ్లు మొదట ఫిర్యాదు చేసేది ఆ చప్పుడు గురించే.

పలకల_డిజైనర్:
గాడి లోపల 1.2 మి.మీ. ఆట ఇచ్చాను. చప్పుడు రాకుండా నాలుక మీద మెత్తటి రబ్బరు లాంటి పట్టీని పలకతో పాటే తీసే ఆలోచన ఉంది.

సైట్_ఇంజనీర్_కూకట్‌పల్లి:
రన్నర్ల మధ్య దూరం ఎంత?

పలకల_డిజైనర్:
400 మి.మీ.

సైట్_ఇంజనీర్_కూకట్‌పల్లి:
300 చెయ్యండి. మీ కొలతలతోనే రెండు కొసలూ ఆనించి లెక్క వేశాను. మధ్యలో 100 కిలోల మనిషి నిలబడితే 400 దగ్గర 6 మి.మీ. వంగుతుంది, 300 దగ్గర రెండున్నర. అది కూడా చల్లని వేళ. 60 డిగ్రీల వేడిలో ఈ ప్లాస్టిక్ గట్టితనం సగానికో అంతకన్నా కిందికో పడిపోతుంది. పైగా దాని మీద నెలల తరబడి పూలకుండీ ఉంటే వంపు అలాగే ఉండిపోతుంది.

డాలస్_తెలుగు:
ఇక్కడ చాలా పెరటి డెక్‌లు రంపపు పొట్టు కలిపిన ప్లాస్టిక్‌వే. పలకల మధ్య దాపుడు క్లిప్పులు, కింద చెక్క దూలాలు. ఏ సమస్యా లేదు. ప్లాస్టిక్‌కి బలం లేదనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2009లో నార్త్ కరొలినాలోని ఫోర్ట్ బ్రాగ్‌లో రీసైకిల్ ప్లాస్టిక్‌తో కట్టిన వంతెన మీద అబ్రామ్స్ ట్యాంకు నడిపించారు. దాని బరువు 70 టన్నుల దాకా ఉంటుంది.

సైట్_ఇంజనీర్_కూకట్‌పల్లి:
అది మందపాటి దూలాల వంతెన. ఇక్కడ మాట్లాడుతున్నది 3 మి.మీ. పొరల బోలు పలక. ఆ రెంటికీ పోలిక లేదు.

డాలస్_తెలుగు:
నేను మెటీరియల్ గురించి చెబుతున్నాను.

మిద్దెతోట_అక్క:
గాలి, ఎండ, ట్యాంకు అన్నీ అయ్యాయి. నీళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను.

మాది మల్కాజిగిరిలో పాత ఇల్లు. మిద్దె మీద మొక్కలు పెంచుతాను. కుండీల మధ్య నడవడానికి ఇలాంటి క్లిక్ పలకలే వేయించాం. రెండో వానాకాలం బెడ్రూం సీలింగు మీద చెమ్మ మరక కనిపించింది. వేసినవాళ్లకి ఫోన్ చేస్తే ఇవాళ రేపు అన్నారు, తర్వాత ఎత్తడం మానేశారు. లీకు మిద్దె మధ్యలో ఎక్కడో ఉంది. మధ్య పలక తియ్యాలంటే గోడ పక్క నుంచి వరసగా విప్పుకుంటూ రావాలి. ఎండకి పెళుసెక్కిన నాలుకలు ఒక్కొక్కటే పుటుక్కుమని విరిగాయి. చివరికి గ్రైండర్‌తో కోయించాం.

కింద ఏముందో చూడండి. వేపాకులు కుళ్లి నల్లటి బురద. నీరు పోయే గొట్టం మూతి చుట్టూ జాలీలా అల్లుకున్న వేర్లు. ఆ మడుగులో దోమ పిల్లలు. పలకల బోలు సందుల్లోనూ నీళ్లే, వంచితే ధార కట్టింది. కొసలకి మూతలు పెట్టలేదు, అడుగున చిల్లులూ లేవు. పైనుంచి చూస్తే ఫొటోలో పెట్టినట్టుండేది డెక్.

కాబట్టి నా ప్రశ్న ఒకటే. మీ పలకల్లో మధ్యది ఒక్కటీ పక్కవాటిని కదపకుండా పైకి తీయొచ్చా?

పలకల_డిజైనర్:
కొసలకి మూతలు, అడుగున మీటరుకి రెండు చిల్లులు డ్రాయింగులో ఉన్నాయి అక్కా. రన్నర్లు నీటి వాలు దిశలోనే పరవాలని సూచనలో రాస్తాం. మీవి పెళుసెక్కడానికి కారణం ఎండ దెబ్బ తట్టుకోవడానికి కలిపే యూవీ స్టెబిలైజర్ లేకపోవడం. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పాత ప్లాస్టిక్‌ని కరిగించి చేసిన గుళికలతో, అంటే రీప్రాసెస్డ్ దాణాతో తీసి ఉంటారు. నేను వర్జిన్ (కొత్త) మెటీరియలే వాడతాను.

మిద్దెతోట_అక్క:
అడిగినదానికి జవాబు రాలేదు.

చెత్తకు_కొత్త_బతుకు:
ఒక్క నిమిషం. రీసైకిల్ దాణా అంటే నాసిరకం అని ఎందుకు తేల్చేస్తారు? తప్పు స్టెబిలైజర్ వెయ్యని వాళ్లది. మంచినీళ్ల హెచ్‌డీపీఈ (ఒక రకం ప్లాస్టిక్) పైపులకి ఐఎస్ 4984 ప్రమాణంలో రెండున్నర శాతం కార్బన్ బ్లాక్ (నల్ల మసి పొడి) అడుగుతారు, అర శాతం అటూ ఇటూ. ఎండని ఆపేది ఆ నలుపే. డెక్‌కీ నల్ల రంగు ఒప్పుకుంటే రీసైకిల్ సరుకు బాగా నిలుస్తుంది. కొత్త ప్లాస్టిక్‌తో డెక్‌లు చేసుకుంటూ పోతే నగరం చెత్త ఎవరు తీసుకోవాలి?

సాగరతీరం:
నల్ల రంగు మీద మేలో కాలు పెట్టి చూడండి.

పలకల_డిజైనర్:
@మిద్దెతోట_అక్క, జవాబు చెబుతాను. మధ్య పలక తీయడానికి వీల్లేదు. కావాలనే అలా పెట్టాను. ఎవరు పడితే వాళ్లు ఎక్కడ పడితే అక్కడ విప్పి మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టకపోతే ఆ చోట గాలికి పట్టు పోతుంది. ఇందాక మేస్త్రీ గారు అడిగింది అదే కదా. పదేళ్ల గ్యారంటీ ఇవ్వాలంటే జాయింటు మూసి ఉండాలి. వాటర్‌ప్రూఫింగ్ బాగా చేయించుకున్నాకే డెక్ వేయించుకోండి అని మొదటి పేజీలోనే రాస్తాను.

మిద్దెతోట_అక్క:
పదేళ్లు చెమ్మ రాని మిద్దె ఏ ఊళ్లో ఉంది బాబూ? కాగితం మీద రాసి చేతులు దులుపుకుంటారా? నా స్లాబు, నా డబ్బు, నా సీలింగు. దాని మీద మూత వేసి, తెరవొద్దు అంటున్నారు. మీ గ్యారంటీ పలకకి. నా ఇంటికి గ్యారంటీ ఎవరిస్తారు?

గోదారి_వడ్రంగి:
అక్క గారి బాధ నాకు అర్థమైంది, కానీ ఆవిడ చెప్పేదీ సగమే. ఇంట్లోవాళ్లు విప్పకూడదు. పని తెలిసినవాడు విప్పాలి. నేను రన్నరుకి క్లిప్పు పెట్టి స్క్రూ బిగిస్తాను. ఫోన్ చేస్తే వచ్చి ఎక్కడ కావాలంటే అక్కడ విప్పుతాను. సముద్రం దగ్గర స్టెయిన్‌లెస్ స్టీలులో 316 రకం స్క్రూ వాడతాను. 304 అయితే ఉప్పు గాలికి టీ మరకల్లాంటి తుప్పు పడుతుంది, జింకు పూత ఇనుము (జీఐ) అయితే చెప్పనక్కర్లేదు.

ఇంకో మాట. ఈ పలకలు వచ్చిన కొత్తలో ఒక కంపెనీ మమ్మల్ని పక్కన పెట్టి, ఎవరైనా వేసుకోవచ్చు అని అమ్మింది. ఊడిపోయినవి సరిచేయడానికి మళ్లీ మమ్మల్నే పిలిచారు. పగిలినవాటికి ఇంటివాళ్లు తిట్టింది మమ్మల్ని. మేస్త్రీ అక్కర్లేదు అని మీరు మొదటే రాశారు చూశారా, నాకు అక్కడే కాలింది. మా కూలిని మీ లాభంలో కలుపుకుని, తప్పు మాత్రం మా మీద వదిలేస్తారు.

పలకల_డిజైనర్:
మీ కూలి మీద నాకేం కన్ను లేదండీ. డెక్ వేయించుకోలేని వాళ్లు ఎందరో ఉన్నారు. పలకల ధరకి తోడు కూలి కూడా అంటే మానేస్తున్నారు. అద్దె ఇంట్లో చిన్న బాల్కనీ ఉన్నవాళ్లు వేసుకోవాలి, ఇల్లు మారితే తీసుకెళ్లాలి. నేను గీస్తున్నది వాళ్ల కోసం.

మిద్దెతోట_అక్క:
ఇప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి. అద్దెవాళ్లు తీసుకెళ్లాలంటే అది మంచం లాంటి సామాను. సామానైతే ఎప్పుడైనా తీస్తాను, కింద తుడుస్తాను, మళ్లీ వేస్తాను. పిట్టగోడకి యాంకర్ కొట్టి, తెరవొద్దని పదేళ్ల గ్యారంటీ ఇస్తే అది కట్టడంలో భాగం. అప్పుడు మేస్త్రీ ఉండాలి, ఇంజనీరు ఉండాలి, లీకు వస్తే మీరు రావాలి. మీరు సామాను అని అమ్మి కట్టడం షరతులు పెడుతున్నారు. ముందు ఏదో ఒకటి తేల్చండి, జాయింటు తర్వాత గీద్దురు.

సైట్_ఇంజనీర్_కూకట్‌పల్లి:
అక్క చెప్పినట్టు రెండూ వేరు చేస్తే లెక్కా తేలికవుతుంది. మూడు పక్కల గోడ ఉన్న బాల్కనీకి క్లిక్ పలక సరిపోతుంది. పై కప్పు లేని డాబాకి, అందులో విశాఖ డాబాకి, సరిపోదు. అక్కడ ప్రతి పలకా రన్నరుని పట్టుకోవాలి, ప్రతి పలకా విడిగా పైకి రావాలి. నాలుక తీసేసి రెండు అంచులకీ ఒకేలా గాడి పెట్టండి. రెండు పలకల మధ్య, రన్నరుకి బిగించే క్లిప్పు వస్తుంది. ఒక క్లిప్పు వరస వదులు చేస్తే పలక పైకి వస్తుంది.

పలకల_డిజైనర్:
అంటే రెండు డైలు. మా యూనిట్ స్థాయికి అది చిన్న మాట కాదు.

సైట్_ఇంజనీర్_కూకట్‌పల్లి:
ఒకటే చాలు. రెండు అంచులా గాడి ఉన్న పలకనే బాల్కనీకీ వాడండి. నాలుక స్థానంలో విడి పట్టీ దూర్చండి. పట్టీకి డై చిన్నది.

పలకల_డిజైనర్:
విడి పట్టీ చూస్తాను. క్లిప్పు మాత్రం ప్లాస్టిక్‌దే ఉంటుంది, పావు వంతు తిప్పితే లాకయ్యేది. స్క్రూ పెట్టను. తుప్పు గొడవ ఉండదు, పనిముట్టు అక్కర్లేదు.

గోదారి_వడ్రంగి:
ప్లాస్టిక్ లాకు ఎండలో ఒత్తిడి కింద ఉండి ఉండి సాగి పట్టు వదులుతుంది. ఆ ఇంజనీరు బాబు పూలకుండీ కింద పలక గురించి చెప్పింది లాకుకీ వర్తిస్తుంది. డాబా మీద 316 స్క్రూ తప్ప నేను ఒప్పుకోను.

మిద్దెతోట_అక్క:
మేస్త్రీ గారూ, స్క్రూకి నాకూ అభ్యంతరం లేదు. స్క్రూడ్రైవర్ మాత్రం నా ఇంట్లోనే ఉంటుంది.

గోదారి_వడ్రంగి:
ఉంచుకోండమ్మా. కానీ ఏ స్క్రూ ఎంత బిగించాలో నేను చూపించి వెళ్తాను. దానికి కూలి తీసుకుంటాను.

డాలస్_తెలుగు:
దీపావళికి దీని మీద చిచ్చుబుడ్లు కాల్చొచ్చా?

పలకల_డిజైనర్:
వద్దు. పాలీప్రొపిలీన్ 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటుకుంటే మండుతూ బొట్లుబొట్లుగా కారుతుంది. డెక్ అయిపోయిన చోట, వట్టి సిమెంటు మీద కాల్చుకోవాలి. ఇదీ సూచనల్లో చేరుస్తాను.

@సైట్_ఇంజనీర్_కూకట్‌పల్లి, రన్నర్లు 300 దగ్గర పెడితే చదరపు మీటరుకి బరువు, ఖర్చు ఎంత పెరుగుతాయో లెక్క వేసి కొత్త డ్రాయింగు పెడతాను. క్లిప్పు సంగతి మాత్రం మేలో మా షెడ్డు మీద రెండు రకాలూ పక్కపక్కన బిగించి చూశాకే ఒప్పుకుంటాను.